కంప్యూటరు మారినా పద్దులు మారరాదు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్టు సంస్థ మామూలుగా పంపుతూ వచ్చిన భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారి కోసం ఒక ఏడాది పొడిగింపు ఏర్పాటు చేశారు గాని, అది గడువే తప్ప పరిష్కారం కాదు. దాని తరువాతిదైన విండోస్ 11 ను పాత యంత్రాలలో చాలావాటి మీద ఎక్కించడానికి వీలు లేదు. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనం యంత్రంలో ఉండి తీరవలెనన్నది దాని నియమాలలో ఒకటి. అందువలన ఎన్నో ఇళ్లలో, చిన్న దుకాణాలలో, కంప్యూటరునే మార్చవలసిన ప్రసక్తి వచ్చింది. ఫొటోలు, పాటలు, ఉత్తరాలు కొత్త యంత్రంలోకి సులువుగానే చేరుతాయి. మొండికేసేవి ఇంటి లెక్కలు.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫొటోను ఏ కంప్యూటరైనా చూపగలదు. లెక్కల ఫైలు అట్లా కాదు. దానిని రాసిన ప్రోగ్రాము మాత్రమే సాధారణంగా దానిని చదవగలదు. ఆ ప్రోగ్రాము ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్ మీదనే నడుస్తుంది. ఆ సిస్టమ్ ఫలానా తరహా యంత్రం మీదనే నిలుస్తుంది. ఇట్లా ఒకదాని భుజాల మీద ఒకటి నిలబడి ఉండగా, అన్నిటికన్న అడుగున ఉన్నది పక్కకు జరిగితే అన్నిటికన్న పైన ఉన్న మన పద్దులు నేల మీద పడతాయి. వెనుకటి షావుకారు ఎర్ర గుడ్డ అట్ట వేసి కుట్టించుకున్న చిట్టాను మనుమడు ఈనాడు అటక మీదినుండి దింపి దులిపినా, జమ ఎంతో, ఖర్చు ఎంతో, ఎవరి బాకీ ఎంతో చదువుకోగలడు. కాగితం, సిరా, తెలుగు అక్షరం, ఈ మూడూ ఏ కంపెనీ అనుమతినీ కోరవు.

పోతే పోయేదేమిటి అని అడిగేవారున్నారు. పాల లెక్క, కూరగాయల లెక్క పోతే పోనివ్వవచ్చు. కాని అదే ఫైలులో పదిహేనేళ్ల కింద కొన్న షేర్ల ధర ఉంటుంది. ఇంటి మీద పైఅంతస్తు లేపినప్పుడు ఇసుకకు, సిమెంటుకు, మేస్త్రీలకు ఇచ్చిన మొత్తాలు ఉంటాయి. తమ్మునికి చేబదులుగా ఇచ్చినది, అతడు విడతలుగా తీర్చినది ఉంటాయి. ఆస్తి అమ్మిన నాడు లాభమెంతో, దానిపై పన్నెంతో తేల్చేవి ఈ అంకెలే. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఇంటిని గాని స్థలాన్ని గాని అమ్మేటప్పుడు, ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి లాభంపై 20 శాతం పన్ను కట్టడమా, పెంచకుండా 12.5 శాతం కట్టడమా అన్నది లెక్క కట్టి ఎంచుకొనే వీలును దేశంలో నివసించే వ్యక్తులకు ఇచ్చారు. ఏది లాభసాటి అన్నది తేలాలంటే కొన్న ధర, కట్టిన ఖర్చు, ఏ ఏట పెట్టినదీ తెలియవలె. ఫండు యూనిట్ల వివరాలను ఆ సంస్థలే చూపగలవు. పైఅంతస్తు మేస్త్రీ కూలి మాత్రం మీ పద్దులో తప్ప మరెక్కడా ఉండదు.

ఈ ప్రమాదం ఏ విధంగా ముంచుకు వస్తుందో చూపడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం పనికివస్తుంది. అక్కడ ఇంటి లెక్కలనగానే స్ఫురించే పేరు క్వికెన్. 1983లో స్కాట్ కుక్, టామ్ ప్రూ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో స్థాపించిన ఇన్‌ట్యూట్ సంస్థ దానిని తయారు చేసింది. నెలనెలా బిల్లులు కట్టడంలో తన భార్య పడే విసుగు చూసి కుక్‌కు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. చెక్కు పుస్తకం రూపంలోనే తెర మీద కనిపించే ఆ ప్రోగ్రాము లెక్కల శాస్త్రం చదవని వారికి కూడా అలవాటైంది. అక్కడ స్థిరపడిన మనవారికి దీని పరిచయం ఉండే ఉంటుంది.

ఆపిల్ వారి మాక్ కంప్యూటర్ల కోసం క్వికెన్ 2007 అనే వెర్షను వెలువడింది. అది పవర్‌పీసీ అనే పాత తరహా ప్రాసెసర్ల కోసం రాసిన ప్రోగ్రాము. 2006 నుండి ఆపిల్ సంస్థ ఆ ప్రాసెసర్లను వదలి ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది. పాత ప్రోగ్రాములు నిలిచిపోకుండా రొజెట్టా అనే దుబాసీని సిస్టమ్‌లో పెట్టింది. పాత ప్రోగ్రాము పలికే మాటలను కొత్త యంత్రానికి అర్థమయ్యేట్టు అప్పటికప్పుడు చెప్పడం దాని పని. దుబాసీ ఎంత చక్కగా పని చేసిందంటే, మధ్యలో ఒకడున్నాడన్న సంగతే వాడేవారిలో చాలామందికి తెలియలేదు. 2011 జులైలో లయన్ అనే కొత్త సిస్టమ్ వచ్చింది. అందులో రొజెట్టాను తీసివేశారు. అంగడికి పోయి డిస్కు కొనవలసిన పని లేకుండా, 29.99 డాలర్లు చెల్లించి ఇంట్లోనే దిగుమతి చేసుకొనే వీలు కల్పించారు. అట్లా చేసుకున్న మరుక్షణం క్వికెన్ 2007 తెరుచుకోవడం మానివేసింది.

పద్దులు చెడిపోలేదు. ఫైలు ఉన్నచోటనే, ఉన్నట్టే ఉన్నది. దానిని చదివేవాడే లేడు. ఇన్‌ట్యూట్ వారు 2010లో క్వికెన్ ఎసెన్షియల్స్ అనే మరొక ప్రోగ్రామును తెచ్చి ఉన్నారు గాని, పెట్టుబడుల క్రయవిక్రయాలను పాతదాని మాదిరిగా పూర్తిగా నడిపే శక్తి దానికి లేదు. షేర్ల లెక్క రాసుకున్నవారు దానికి మారితే తమకు ముఖ్యమైన దానినే వదులుకోవలసి వచ్చేది. చివరకు 2012 మార్చిలో, అనగా సుమారు ఎనిమిది నెలలకు, క్వికెన్ 2007 నే లయన్ మీద నడిచేట్టు సవరించి 14.99 డాలర్లకు అమ్మారు. ఆ ఎనిమిది నెలలలో ఒక పన్నుల ఏడాది ముగిసి మరొకటి మొదలైంది. ఆ సవరించిన ప్రోగ్రాముకు కూడా 2019 అక్టోబరులో కాలం చెల్లింది. అది 32 బిట్ల ప్రోగ్రాము; కేటలీనా అనే వెర్షనుతో ఆపిల్ వారు 32 బిట్ల ప్రోగ్రాములన్నిటికీ తలుపు మూశారు. 2020లో మళ్లీ ప్రాసెసర్లు మారాయి, రెండవ రొజెట్టా వచ్చింది. దానికి కూడా చాలావరకు సెలవు ఇవ్వబోతున్నట్టు 2025 జూన్‌లో ఆ సంస్థ ప్రకటించింది. ఇంటెల్ నాటి లెక్కల ప్రోగ్రామును కొత్త మాక్ మీద నడుపుకుంటున్నవారు ఈ మాటను చెవిన వేసుకోవలె.

మైక్రోసాఫ్టు మనీ కథ వేరు. 1991లో మొదలైన ఆ ప్రోగ్రాము అమ్మకాన్ని 2009 జూన్ చివరితో ఆపివేశారు. యంత్రం మారినప్పుడు దానిని మళ్లీ ఎక్కించుకోవాలంటే ఆ కంపెనీ కంప్యూటరును ఇంటర్నెట్ ద్వారా పలకరించి అనుమతి పొందవలసి ఉండేది. ఆ అనుమతి 2011 జనవరి వరకే అన్నారు. డబ్బు పెట్టి కొన్న డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నా ప్రయోజనం లేదన్న మాట. అయితే 2010లో, అనుమతి అవసరం లేని వెర్షనును ఉచితంగా విడుదల చేసి ఆ సంస్థ ఒక మర్యాద పాటించింది. అన్ని సంస్థలూ ఆ మర్యాద పాటిస్తాయన్న హామీ లేదు. మూతపడిన కంపెనీకైతే పాటించే మనుషులే ఉండరు.

ఈ రెండు కథలలోనూ నష్టపోయినవారు ఎక్కువగా ఒక వరుసను తలకిందులు చేసినవారే. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చారు, లెక్కల సంగతి తరువాత చూశారు. వరుస దీనికి ఎదురుగా ఉండవలె. పాత యంత్రం, పాత సిస్టమ్, పాత ప్రోగ్రాము చక్కగా పని చేస్తూ ఉండగానే పద్దులను బయటకు తీసి, అవి కొత్తచోట సరిగా దిగినవని రుజువు చూసుకొని, ఆ తరువాతనే పాతదానిని కదిలించవలె. అర్ధరాత్రి తెర మీద మెరిసి, ఇప్పుడే మార్చమంటారా అని అడిగే మీటకు ఇంటి పెద్ద ఇవ్వదగిన జవాబు, లెక్కలు సర్దుకొనే వరకు ఆగమనడమే.

మన దేశంలో ఇంటి లెక్కల కోసం క్వికెన్ వాడేవారు తక్కువ. దుకాణం లెక్కతో పాటు ఇంటి ఖర్చు కూడా ట్యాలీలోనే రాసుకొనే వర్తకులు కద్దు. 1986లో బెంగుళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాము ఎన్నో రూపాలు మారింది. 2009లో ట్యాలీ ఇ.ఆర్.పి. 9, 2020లో ట్యాలీప్రైమ్ వచ్చాయి. ఉద్యోగులలో ఎక్సెల్ పట్టికలే చాలుననుకొనేవారు ఉన్నారు. డబ్బు పెట్టనక్కరలేని గ్నూక్యాష్ అనే ప్రోగ్రామును వాడేవారు కొందరు. ఇక 1990లలో ఎవరో తెలిసినవారు రాసి ఇచ్చిన డాస్ ప్రోగ్రామునే ఇంకా వదలనివారు కూడా లేకపోలేదు. చివరి వారికి ఈ దఫా ముప్పు అందరికన్న ఎక్కువ. 32 బిట్ల విండోస్ 10 మీద 16 బిట్ల పాత ప్రోగ్రాములు ఏదో విధంగా నడిచేవి. విండోస్ 11 లో 32 బిట్ల రకమే లేదు. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రామును ముట్టుకోనైనా ముట్టుకోదు. డాస్‌బాక్స్ అనే సాధనంలో పాత డాస్ ప్రోగ్రామును నడపవచ్చు గాని, అది పాత ఆటల కోసం తయారైన సాధనం. పాత పద్దును ఒకసారి చూసుకోవడానికి చాలు. రేపటి పద్దు రాయడానికి దానిని నమ్ముకోరాదు.

అన్నిటికన్న ముందు చేయవలసిన పని నకలు. ప్రోగ్రామును పూర్తిగా మూసివేసి, తరువాతనే ఫైలును నకలు తీయవలె. తెరచి ఉన్న ఫైలును నకలు తీస్తే సగం రాసిన పుటను చింపి దాచుకున్నట్టే. ఫైలును ఇంటర్నెట్‌లోని గిడ్డంగికి తనంత తానుగా చేరవేసే ఏర్పాటు ఉన్నచోట ఈ జాగ్రత్త మరింత అవసరం. గ్నూక్యాష్ వంటివి భద్రపరచిన ప్రతిసారీ తేదీ వేసి ఒక పాత ప్రతిని పక్కన ఉంచుతాయి. అది మంచి అలవాటే గాని, మనం మార్చకపోతే 30 రోజుల తరువాత వాటిని అదే తీసివేస్తుంది. పైగా అసలు, నకలు ఒకే డిస్కులో ఉంటే డిస్కు పోయిన నాడు రెండూ పోతాయి. కనుక ఒక నకలు ఇంట్లో వేరే డిస్కు మీద, మరొకటి ఇల్లు దాటి బంధువుల ఇంట గాని లాకరులో గాని ఉంచవలె. పెన్ డ్రైవు ఒక్కదానినే నమ్మి ఏళ్ల తరబడి సొరుగులో పడవేయడం మంచిది కాదు. వాడకుండా ఉంచితే దానిలోని రాత చెరిగిపోయే అవకాశం ఉన్నది. తీసిన నకలును వేరొక యంత్రంలో ఒకసారి తెరచి, నిల్వలు కనిపిస్తున్నవో లేదో చూసుకోవలె. ఇది చేయనివారే ఎక్కువ.

ఒకే ప్రోగ్రాములో పాత వెర్షను నుండి కొత్తదానికి పోయేవారికి పని తేలిక అనిపిస్తుంది. కొత్తది పాత ఫైలును తెరుస్తుంది, తన పద్ధతికి మార్చుకుంటుంది. మార్చుకున్న ఫైలును పాత వెర్షను మళ్లీ తెరవలేకపోవచ్చునన్న సంగతి మాత్రం చిన్న అక్షరాలలో ఉంటుంది, లేదా ఉండదు. అందువలన కొత్త వెర్షనుకు ఎప్పుడూ నకలునే ఇవ్వవలె, అసలును కాదు. మధ్యలో చాలా వెర్షనులు దాటి దూకడం కూడా తగదు. గ్నూక్యాష్ 2.6 నాటి ఫైలున్నవారు ఒక్కసారిగా 5వ శ్రేణిలోకి పోక, 3వ శ్రేణిలో చివరి వెర్షను, 4వ శ్రేణిలో చివరి వెర్షను, ఆపైన 5 అన్నట్టు మెట్టు మెట్టుగా ఎక్కడం క్షేమం. ప్రతి తరం ప్రోగ్రామూ తన ముందరి తరం రాతను బాగా చదువుతుంది. ముత్తాత రాత దానికి అంతగా పట్టుబడదు. మెట్టు మెట్టుకూ ఒక నకలు తీసి దాని మీద వెర్షను అంకె రాసి ఉంచుకుంటే, ఎక్కడ కాలు జారినదీ తెలుస్తుంది.

ఒక ప్రోగ్రామును విడిచి మరొకదానికి పోవడంలోనే అసలు చిక్కులు. ఇక్కడ పద్దులను ఇద్దరికీ తెలిసిన ఒక మధ్య భాషలోకి మార్చవలసి ఉంటుంది. క్వికెన్ వారు తెచ్చిన క్యూ.ఐ.ఎఫ్. అటువంటిది. ఆ ఫైలును మామూలు నోట్‌ప్యాడులో తెరచి చదవవచ్చు. డి అనే అక్షరంతో మొదలైన పంక్తిలో తేదీ, టి తో మొదలైన దానిలో మొత్తం, పి తో మొదలైన దానిలో ఎవరికి ఇచ్చినదీ, ఎల్ తో మొదలైన దానిలో ఏ పద్దు కిందదీ ఉంటాయి. ఒక గుర్తుతో ఆ పద్దు ముగుస్తుంది. ఎంత పాత యంత్రమైనా చదువుతుంది. రెండవది సి.ఎస్.వి., అనగా కామాలతో విడదీసిన పట్టిక. మధ్య భాష ఎంత సులభమో అంత కురచ. సూక్ష్మాలు చాలా జారిపోతాయి. జారిపోయినా ఫరవాలేదు, కనిపిస్తాయి. కనిపించకుండా చెడేవి మూడు నాలుగున్నాయి. వాటి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవలె.

మొదటిది బదిలీ పద్దు. మార్చి 5న బ్యాంకు నుండి 10,000 రూపాయలు తీసి ఇంటి రొక్కంలో వేశారనుకుందాం. బ్యాంకు ఖాతాను విడిగా బయటకు తీస్తే అందులో రొక్కానికి 10,000 అని ఉంటుంది. రొక్కం ఖాతాను విడిగా తీస్తే అందులో బ్యాంకు నుండి 10,000 అని ఉంటుంది. మొదటి ఫైలును చదివినప్పుడే కొత్త ప్రోగ్రాము రెండు ఖాతాలలోనూ ఆ పద్దు వేస్తుంది. రెండవ ఫైలును చదివినప్పుడు, అది పాత పద్దేనని గుర్తు పట్టకపోతే, మళ్లీ వేస్తుంది. బ్యాంకులో ఉండవలసిన దానికన్న 10,000 తక్కువ, రొక్కంలో 10,000 ఎక్కువ అవుతాయి. విచిత్రమేమంటే ఇంటి మొత్తం ఆస్తి సరిగ్గా కుదురుతుంది. అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి తృప్తి పడినవాడు ఈ తప్పును ఎన్నటికీ పట్టలేడు. ఖాతా ఖాతాకూ నిల్వ పోల్చినవానికి అయిదు నిమిషాలలో దొరుకుతుంది.

రెండవది తేదీ. మనం రోజు ముందు రాసి నెల తరువాత రాస్తాం. అమెరికావారు నెల ముందు రాస్తారు. 07/03/2015 అన్నది మనకు మార్చి 7. ప్రోగ్రాము అమెరికా పద్ధతిలో ఉంటే అది జులై 3. తేదీ 12 దాటినప్పుడు నెల అంకెగా అది చెల్లదు గనుక ప్రోగ్రాము ఆగి అడుగుతుంది, లేదా ఆ పద్దును తోసివేస్తుంది. 12 లోపు తేదీలన్నీ చప్పుడు చేయకుండా తారుమారవుతాయి. మార్చి 7 పద్దు జులై 3కు పోతే అది 2014-15 ఆర్థిక సంవత్సరం విడిచి 2015-16 లో చేరుతుంది. ఇక్కడ కూడా చివరి నిల్వ ఒక్క పైసా తేడా లేకుండా కుదురుతుంది. కాబట్టి ప్రతి ఏటి మార్చి 31 నాటి నిల్వను విడివిడిగా పోల్చవలె. రెండు అంకెలతో సంవత్సరం రాసిన 1990ల నాటి పద్దులున్నవారు, అవి ఏ శతాబ్దంలో దిగినవో కూడా చూసుకోవలె.

మూడవది మన కామాలు. లక్షా ఇరవై అయిదు వేలను మనం 1,25,000 అని రాస్తాం. కామాలతో విడదీసే పట్టికలో ఆ అంకె కొటేషన్ గుర్తుల మధ్య లేకపోతే మూడు గడులుగా చీలి, లక్షా పాతికవేల పద్దు ఒక్క రూపాయి పద్దుగా మిగులుతుంది. బయటకు తీసే ముందు అంకెలలోని కామాలను, రూపాయి గుర్తును తీసివేసే ఏర్పాటు చేసుకోవలె. ఆ రూపాయి గుర్తు పుట్టినదే 2010లో. అంతకు ముందరి ప్రోగ్రాములకు అది ఉత్త చతురస్రం.

ఇక తెలుగు అక్షరాలు. ఇది మన ఒక్కరికే కాదు, ఈ దేశంలో ఇంగ్లీషులో కాక తన భాషలో లెక్క రాసుకున్న ప్రతివారికీ ఉన్న బాధ. అను వంటి ఫాంట్లతో పద్దుల పేర్లు టైపు చేసుకున్నవారి ఫైలులో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు; ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. ఫాంటు అనే వేషం వాటికి తెలుగు రూపం ఇస్తుంది. కొత్త యంత్రంలో ఆ ఫాంటు లేకపోతే, పాలవాడి ఖాతా అన్నది పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పి నుండి గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు వచ్చింది. అటుపిమ్మట యూనికోడ్‌లో రాసుకున్నవారికి ఈ చిక్కు లేదు గాని, ఫైలును బయటకు తీసేటప్పుడు యుటిఎఫ్-8 అన్న రకాన్ని ఎంచుకోవలె. లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థక చిహ్నాల వరుస అవుతుంది. ఒకసారి ప్రశ్నార్థకాలుగా భద్రపరచిన పేర్లను వెనుకకు తెచ్చే ఉపాయం ఆ ఫైలులో ఉండదు.

ఇంత శ్రమ అందరికీ అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. ముప్పై ఏళ్ల కూరగాయల పద్దులను కొత్త ప్రోగ్రాములోకి మోసుకుపోవడం వలన లాభం కనిపించదు. వెనుకటి గుమాస్తాలు అట్లా చేయలేదు. పాత పుస్తకం నిండితే దాని ఆఖరు నిల్వలను కొత్త పుస్తకంలో ముందు నిల్వలుగా వేసుకొని, పాతదానిని గుడ్డలో మూట కట్టి అటక మీద పెట్టారు. చాలా కుటుంబాలకు ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం. ఏప్రిల్ 1న కొత్త ప్రోగ్రాములో కొత్త పుస్తకం తెరవవలె. బ్యాంకు, రొక్కం, అప్పులు, చేబదుళ్లు మార్చి 31 నాటి నిల్వలతో ఎక్కించవలె. షేర్లు, ఫండ్లు, బంగారం, ఇల్లు మాత్రం ఒక్క మొత్తంగా కాక, ఏ తేదీన ఎంత ధరకు ఎన్ని కొన్నదీ విడివిడిగా ఎక్కించవలె. 2018 జనవరి 31కి ముందు కొన్న షేర్లయితే ఆనాటి ధరను కూడా పక్కన రాసుకోవలె. దీర్ఘకాలిక లాభం లెక్కలో దానికి పాత్ర ఉన్నది. పాత ప్రోగ్రాములోని ఆవర్జాను ఖాతాలవారీగా పి.డి.ఎఫ్. గా తీసి భద్రపరచవలె. ఆస్తుల పుటలను కాగితం మీద అచ్చు తీసి దస్తావేజులతో కలిపి ఉంచవలె. పన్ను నోటీసు వచ్చిన నాడు కావలసింది తిరిగి లెక్క వేసే ప్రోగ్రాము కాదు, చదవదగిన పుట.

కొత్తదానిలోకి అంతా చేరిన తరువాత ఒక నెలపాటైనా రెండు పుస్తకాలూ నడపడం మంచిది. ఇది విసుగు పుట్టించే పని; రాసినదే రెండుసార్లు రాయవలె. కాని కరెంటు బిల్లు, జీతం జమ, బ్యాంకు వడ్డీ, ఫండు వాయిదా ఒక విడత ఇక్కడా అక్కడా పడి, నెలాఖరున రెండు పుస్తకాలూ పాసుబుక్కుతో కుదిరిన నాడు కలిగే నిశ్చింత వేరే విధంగా రాదు. కుదరకపోతే సర్దుబాటు పద్దు ఒకటి వేసి చేతులు దులుపుకోవడం కాకిలెక్క అవుతుంది. తేడా మొత్తాన్ని రెండుతో భాగించి, ఆ మొత్తం గల పద్దు ఉన్నదేమో చూడడం పాత గుమాస్తాల చిట్కా. జమలో పడవలసినది ఖర్చులో పడితే తేడా రెండింతలు వస్తుంది. కంప్యూటరులోనూ ఆ చిట్కాకు పదును తగ్గలేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. పాత కంప్యూటరును మార్పిడిలో ఇచ్చివేస్తే తగ్గే నాలుగైదు వేల కోసం తొందరపడక, కనీసం ఆ ఏటి ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసే వరకు ఉంచుకోవలె. దానిని ఇంటర్నెట్‌కు మాత్రం కలపరాదు. భద్రతా సవరణలు ఆగిపోయిన యంత్రం వీధి తలుపు తీసి ఉంచిన ఇల్లు. చోటు లేదనుకొనేవారు, వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో పాత సిస్టమ్‌ను కొత్త యంత్రం లోపలనే ఒక గదిలో ఉంచినట్టు నడుపుకోవచ్చు. లైసెన్సు నిబంధనలు, కొంచెం సాంకేతిక ప్రవేశం ఉన్నవారి సాయం ఇందుకు అవసరం. పాతదానిని ఇచ్చివేసే రోజున డిస్కును పూర్తిగా తుడిపించవలె. కొన్నవాడికి మీ ఖాతా నంబర్లతో పని లేదు.

ఫోనులో లెక్కలు రాసుకొనేవారికి ఒక్క మాట. బ్యాంకు నుండి వచ్చే సందేశాలు చదివి తనంత తానుగా ఖర్చు రాసే యాప్‌లు ముచ్చటగానే ఉంటాయి. అయితే పద్దులన్నిటినీ పట్టికగా బయటకు తీసే సదుపాయం అందులో ఉన్నదో లేదో మొదటి వారంలోనే పరీక్షించవలె. లేనిదానిలో అయిదేళ్ల లెక్క రాయడం వ్యర్థ శ్రమ.

మిగిలినది ఒక కాగితం. ప్రోగ్రాము పేరు, వెర్షను అంకె, లైసెన్సు నంబరు, ఫైలు ఏ డిస్కులో ఏ పేరుతో ఉన్నదీ, నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నవీ, చివరిసారి ఏ తేదీన తెరచి చూసినదీ దాని మీద రాయవలె. సంకేతపదం రాయనక్కరలేదు, అది ఇంట్లో మరొకరికి ఎవరికి తెలుసునో వారి పేరు రాస్తే చాలు. ఆ కాగితాన్ని బీరువాలో ఇంటి దస్తావేజుల కవరులో పెట్టి, ప్రతి ఏటా ఏప్రిల్ మొదటి వారంలో తేదీ మార్చవలె. లెక్క రాసే మనిషి ఊళ్లో లేని రోజున, అసలే లేని రోజున, భార్య గాని పిల్లలు గాని మొదట తెరిచేది కంప్యూటరును కాదు, ఆ బీరువానే.